మసిగీత

పడవ రాని 381వ రోజు

ఈ ఉదయం చూపులో పదకొండు కొత్త గాయాలు. తొమ్మిది చేతులకు, రెండు పాదాలకు. అన్నీ గుల్లలు కోసినవే. మూడో తలుపు అడుగున సముద్రపు గుల్లలు అరచేతి మందాన పేరుకున్నాయి. వాటిని గీకకపోతే తలుపు పడదు. తలుపు పడకపోతే పోటు నీళ్ళు గట్టు లోపలికి వచ్చేస్తాయి, అప్పుడు ఈ గట్టు మీద మిగిలిన నూట నలభై రెండు మందిమీ చేపలకు మేతైపోతాం. అందుకని సముద్రం వెనక్కి తీసినప్పుడల్లా అందరూ ఉలులు పట్టుకుని దిగుతారు, గీకుతారు, కోసుకుంటారు, పైకొచ్చి నా గది ముందు కూర్చుంటారు. ఇక్కడ గాయాలు చూసే మనిషిని నేనే. నాకు ముందు మా అమ్మ చూసేది. నా పేరు సన్యాసమ్మ, వయసు అరవై ఒకటి, ఓపిక తక్కువ.

చూపు ఎగ్గొట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈరోజు ఇద్దరు ఎగ్గొట్టారు, గడ్డి పెట్టాను. తెల్లవారగానే ప్రతి మనిషీ తన జోడు ముందు కూర్చుని చేతులు, కాళ్ళు, వీపు చూపించాలి. ఎందుకంటే మా ఒంటికి దెబ్బ తగిలితే ఒళ్ళు మాకు చెప్పదు. తెగిన క్షణాన చురుక్కుమంటుంది, అంతే. ఆ తరువాత వాపు ఉండదు, ఎరుపు ఉండదు, జ్వరం రాదు, నొప్పి అసలే ఉండదు. మడమ కుళ్ళిపోతున్నా మనిషి పాడుకుంటూ తిరుగుతాడు. కాబట్టి ఇంకొకరి కళ్ళు కావాలి. జోడు గాయం చూసి, చుట్టూ బొగ్గుమసితో గీత గీస్తుంది. మర్నాడు కుళ్ళిన నలుపు ఆ గీత దాటితే నా దగ్గరకు తీసుకొస్తుంది. దాటినంత మేర నేను కోసేస్తాను.

నా జోడు నూకాలు, మా అక్క కూతురు. దాని కూతురు పోలికి ఐదేళ్ళు. ఇలాంటి ఏడుపుగొట్టు పిల్లను నేను గట్టు మీద చూడలేదు. వేలికి చిన్న గీరుకుంటే మూడు రోజులు రాగం తీస్తుంది.

"అమ్మమ్మా, లోపల ఎవులో గుద్దుతున్నారు," అంది ఈరోజు, వేలు చూపిస్తూ.

"ఎవులూ గుద్దట్లేదు. నోర్మూసుకోని కూకో," అన్నాను.

నోరు మూసుకోవడానికి బెల్లంముక్క కావాలంది. ఇచ్చాను. ప్రతిసారీ ఇస్తాను, అది దానికి తెలుసు. గమనించిన సంగతి ఒకటి రాసి పెడుతున్నాను: దీని గాయాలు నాలుగు రోజుల్లో మానిపోతాయి. మిగతావాళ్ళకు పది పన్నెండు రోజులు పడుతోంది. చిన్నపిల్ల, లేత రక్తం కదా.

పడవ రాని 394వ రోజు

కుండ నీరసించింది. కుండ అంటే నిజంగా కుండ కాదు, మనిషెత్తు ఉక్కు తొట్టి. అందులో కాపు కణాలు పెరుగుతాయి. వారానికోసారి తలా ఒక గ్లాసుడు చేతి నరంలోకి ఎక్కించుకుంటాం. అవే గాయాల దగ్గరకు వెళ్ళి క్రిములను తింటాయి. మా ఒంటికి సొంతంగా ఆ పని చేతకాదు. కణాలకు నీలం రంగు పట్టించి ఉంటుంది, సూక్ష్మదర్శినిలో గుర్తుపట్టడానికి వీలుగా. ఆరు నెలలకోసారి పడవ కొత్త విత్తనం తెచ్చేది. పాత విత్తనం నుంచే పుట్టించుకుంటూ పోతే కణాలు తరం తరానికీ బద్ధకిస్తాయి.

కుండను చూసుకునే మనిషి పేరు గురువులు, నాకు తమ్ముడి వరస. ఈరోజు కుండలోంచి చుక్క తెచ్చి సూక్ష్మదర్శిని అద్దం కింద పెట్టాడు. పది నీలం కణాల్లో కదిలేవి మూడు.

"మిగతా ఏడూ ఏటి సేత్తన్నాయిరా?" అన్నాను.

"ముసిలోల్లయిపోనాయి అప్పా. నాలాగే అరుగు మీద కూకున్నాయి," అన్నాడు. నవ్వుతూనే ఆ చుక్క తుడిచి, ఇంకో చుక్క పెట్టి చూశాడు.

నూకాలు మొగుడు రెండు వందలవ రోజున చిన్న పడవ వేసుకుని పెద్ద పడవను వెతకడానికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. నూకాలుకు ఇప్పుడు ఏడో నెల. ఆ పిల్ల పుట్టేనాటికి కుండలో ఏం మిగులుతుందో నాకు తెలియదు. ఈ వారం రెండు వేళ్ళు, ఒక చెవి కోశాను. కోసిన చోట్లు మానడం లేదు.

పడవ రాని 402వ రోజు

పోలి మూడో తలుపు దగ్గరకు వెళ్ళింది. వెళ్ళొద్దని వందసార్లు చెప్పాం. కుడి పాదం మీద గుల్ల చీరేసింది, రెండంగుళాల గాయం. ఉప్పునీళ్ళతో కడిగి కట్టు కట్టాను. నూకాలు మసిగీత గీసింది. పిల్ల గట్టంతా దద్దరిల్లేలా ఏడ్చింది.

పడవ రాని 403వ రోజు

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తెల్లవారాక నూకాలు పోలిని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది. కట్టు విప్పాను. పాదం ఉబ్బిపోయి ఉంది. చర్మం ఎర్రగా కంది మెరుస్తోంది. చెయ్యి వేస్తే పొయ్యి మీద నుంచి దించిన గిన్నెలా వేడి. ఒళ్ళంతా కాలుతోంది. ముట్టుకుంటే కెవ్వుమంటోంది. గాయం అంచున తెల్లటి చిక్కటి రసం.

అరవై ఒక్క ఏళ్ళలో ఇవి నేనెప్పుడూ చూడలేదు. కానీ ఏమిటో తెలుసు. గట్టు మీద పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. నా గది గోడ మీద ముత్తాతల నాటి బోర్డు ఉంది, చదవడం రానివాళ్ళకు కూడా అది కంఠతా వచ్చు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ఈ నాలుగు కలిసి కనిపిస్తే అది మంటజ్వరం. చల్లసూది రెండింతలు వేయాలి. ఆలోచించవద్దు.

ముత్తాతల కాలంలో మంటజ్వరం వచ్చిన ఏడాది ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయట. క్రిమి చంపింది తక్కువ, దాని మీద కోపంతో ఒళ్ళు తనను తాను కాల్చుకుని చచ్చింది ఎక్కువ. ఊపిరితిత్తులు తమ నీటిలోనే మునిగిపోయాయట. అందుకే ఆ తరువాత పుట్టిన ప్రతి బిడ్డకూ ఇరవై ఒకటో రోజున, ఊయల్లో వేసేటప్పుడు, చల్లసూది వేస్తాం. ఒక్కసారి వేస్తే ఒళ్ళు జన్మంతా కోపం మరిచిపోతుంది. పోలికీ వేశాను. నా చేత్తోనే వేశాను. మరి ఈ మంట ఎక్కడి నుంచి వచ్చినట్టు?

బోర్డు ఆలోచించవద్దంది. నేను మధ్యాహ్నం దాకా ఆలోచించాను. ఆ తెల్లటి రసం చుక్క తీసి అద్దం కింద పెట్టాను. అందులో నీలం కణాలు దాదాపు లేవు. రంగులేనివి ఉన్నాయి, వేలకు వేలు. ఎవరూ ఎక్కించనివి, ఎవరూ పంపనివి. పాకుతున్నాయి. క్రిముల వెంటపడి మింగుతున్నాయి, మింగి పగిలి చస్తున్నాయి, వెనక నుంచి ఇంకొన్ని వస్తున్నాయి. ఒక్క క్షణం అవి పిల్ల కోసమే తింటున్నాయేమో అనిపించింది. పిల్ల ఒంట్లో నాకు తెలియని జీవులు తిరుగుతుంటే అలా అనుకోవడానికి నాకు బుద్ధి ఉందా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఏటి సూత్తన్నావు పిన్నీ? నా గుంట కాలిపోతన్నాది," అని నూకాలు గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

సూది వేశాను. రెండింతలు.

పడవ రాని 404వ రోజు

దిగింది! సాయంత్రానికి వాపు దిగింది, ఎరుపు పోయింది, ఒళ్ళు చల్లబడింది. పాదం నొక్కి చూశాను. "గుద్దట్లేదు అమ్మమ్మా," అంది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్ల ఎక్కువసేపు నవ్వడం నేను చూడలేదు, ఏ రెండు ఏడుపుల మధ్యనో కాస్త నవ్వేది. ఈరోజు పూటంతా నవ్వింది. కుంటి కాలితోనే గెంతింది.

గట్టు మీద వంద రోజులుగా ఒక్క మంచి కబురు లేదు. గురువులు వలలో పడ్డ పండుగప్ప చేపను కోయించి, అందరికీ వచ్చేలా పులుసు పెట్టించాడు. నూకాలు నా కాళ్ళ మీద పడింది. లేపి తిట్టాను, కడుపుతో ఉన్నదానివి వంగొచ్చా అని. నాకు చాలా సంతోషంగా ఉంది. సంతోషంగా ఉందని ఈ పుస్తకంలో రాసి ఎన్నేళ్ళయిందో వెతకాలి.

పడవ రాని 406వ రోజు

గాయం అడుగున బూడిదరంగు. మసిగీత దాటలేదు. పిల్ల ఆడుకుంటోంది.

పడవ రాని 407వ రోజు

నలుపు పొద్దున గీత దాటింది. నల్లబడిన మేర పాదం కోశాను. మధ్యాహ్నానికి కొత్త గీత కూడా దాటింది. నల్లబడిన కండకు చురుక్కు కూడా ఉండదు, పోలికి నొప్పి లేదు. కోసేటప్పుడు నా ముఖం వైపు చూస్తూ బెల్లం చప్పరించింది. "ఈపాలి నానేడవనేదు సూడు," అంది.

కోసిన చోటి నుంచి చుక్క తీసి అద్దం కింద పెట్టాను. క్రిములు చీమల బారుల్లా నడుస్తున్నాయి. నీలం కణాలు నాలుగో ఐదో, కదలకుండా. రంగులేనివి ఒక్కటీ లేదు. నరంలోంచి రక్తం తీసి చూశాను. అక్కడున్నాయి, గుండ్రంగా ముడుచుకుని, నిద్రపోతున్నట్టు. గాయం దగ్గరకు వెళ్ళవలసినవి వెళ్ళడం లేదు. వెళ్ళవద్దని వాటికి చెప్పింది నేను.

చల్లసూదికి విరుగుడు లేదు. ఎవరూ తయారు చేయలేదు, ఎవరికీ అవసరం రాలేదు.

పడవ రాని 408వ రోజు

పోలి పొద్దున చూపు వేళకు పోయింది. నూకాలు ఒళ్ళో ఉంది. పోయిన సంగతి కూడా దాని ఒళ్ళు ఎవరికీ చెప్పలేదు. నూకాలు దాని చేతులు చూసి, వీపు చూసి, కాళ్ళ దగ్గరకు వచ్చాక గానీ తెలియలేదు.

పడవ రాని 413వ రోజు

ఐదేళ్ళ కిందటి పుస్తకం తీశాను. పోలిని ఊయల్లో వేసిన రోజు. నా దస్తూరీనే:

"ఐసుపెట్టె మూడు రోజులుగా పని చేయడం లేదు. సూదిమందు గోరువెచ్చగా ఉంది. అయినా వేశాను. పిల్ల గుక్కపట్టింది. గురువులు, ఇది పాటగత్తె అవుతుందన్నాడు."

మర్నాటి పేజీలో ఒక్క వాక్యం: "పోలి తొడ మీద సూది గుచ్చిన చోట ఎర్రచుక్క. దోమ కుట్టి ఉంటుంది."

వెచ్చబడి ఆ మందు చెడిపోయింది. ఐదేళ్ళూ ఆ పిల్ల ఒళ్ళు మేలుకునే ఉంది. మా ముత్తాతలకు ఉన్న ఒళ్ళు అది. గాయమైతే రక్తాన్ని అక్కడికి పిలిచేది, నీరు పట్టించేది, వేడెక్కేది, నొప్పి పెట్టి కాలు కింద మోపనిచ్చేది కాదు, తన మనుషులను తానే పంపుకునేది. నాలుగు రోజుల్లో మాన్పేది. ఇంత కుండ పెట్టుకుని మేం చేయలేని పని అది చేస్తుంటే ఏడుపుగొట్టు అన్నాం. పాదం ఉబ్బిన రోజున అది గెలుస్తోంది. అద్దంలో నా కళ్ళతో నేను చూశాను. గెలుస్తున్నదాన్ని నేను పడుకోబెట్టాను.

పోలిని చంపింది నేనే. తిప్పి రాయడానికి ఇంకో వాక్యం లేదు.

పడవ రాని 415వ రోజు

మూడో తలుపు దగ్గర అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. పుస్తకం చదివి వినిపించాను. బోర్డు తప్పు అన్నాను. మంటజ్వరం నాడు ఒంటికి కోపం ఎక్కువైంది నిజమే, దాని కోసం తరతరాలకూ ఒళ్ళు నోరు నొక్కేయడం తప్పు అన్నాను. కుండ ఎలాగూ చస్తోంది, పుట్టబోయే పిల్లలకైనా సూది వద్దు అన్నాను.

అందరూ గురువులు వైపు చూశారు. గురువులే లేచాడు.

"అప్పా, సూది ఏసినంక వాపు దిగినాది. అందరం సూసినాం. గుంట గెంతినాది. నువ్వు పొద్దున్నే ఏసుంటే బతికీసును. మజ్జానం దాకా ఆ అద్దంలో సూత్తా కూకున్నావు. అదొక్కటే నీ తప్పు. దానికి నిన్నెవులూ ఏటీ అనరు."

ఆడవాళ్ళు వచ్చి నా తల నిమిరారు. అందరూ నన్ను క్షమించారు, చేసిన తప్పుకు కాదు, చేయని తప్పుకు. ఇకమీదట ఆలస్యం జరగకూడదని సూదుల పెట్టెను, చిన్న ఐసుపెట్టెతో సహా, నూకాలు ఇంట్లో పెట్టించారు. వేయడం నేర్పమన్నారు. ఐదు సూదులున్నాయి.

అందరూ వెళ్ళాక నూకాలుకు ఒంటరిగా మళ్ళీ చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ రోజు నా గుంట పొద్దంతా నవ్వినాది పిన్నీ. ఆ ఒక్క రోజూ నాకుండనీ."

మా అక్క కూతురు, పిల్ల పోయిన కడుపు. నోరు మూసుకున్నాను. మూసుకోకుండా ఉండాల్సిందని ఇంటికి వచ్చాక ఏడ్చాను.

పడవ రాని 447వ రోజు

కుండ ఆగిపోయింది. గురువులు తొట్టి మూత తీసి అందులోకి చాలాసేపు చూశాడు. పదికి పదీ అరుగెక్కాయి. ఇప్పుడు నూట పన్నెండు మందిమి. రోజూ గుల్లలు గీకుతూనే ఉన్నారు, రోజూ కోసుకుంటూనే ఉన్నారు. తలుపు మూయకుండా ఎలా? చూపు మాత్రం ఎవరూ ఎగ్గొట్టడం లేదు. గీతలు గీయడానికి బొగ్గు చాలడం లేదు.

పడవ రాని 455వ రోజు

నూకాలుకు ఆడపిల్ల. ముక్కు పోలిది.

పడవ రాని 463వ రోజు

గురువులు పోయాడు. నడుముకు తగిలిన చిన్న గాటు, జోడు కంట్లో పడలేదు. గట్టు మీద అక్షరాలు వచ్చినవాళ్ళం ఇద్దరం ఉండేవాళ్ళం. ఈ పుస్తకం ఇక ఎవరి కోసం రాస్తున్నానో తెలియదు. మానేద్దామంటే చెయ్యి ఊరుకోదు.

పడవ రాని 468వ రోజు

నా ఎడమ కాలి బొటనవేలు నల్లబడిందని చూపులో నూకాలు చెప్పింది. ఎప్పుడు తగిలిందో నాకు తెలియనే తెలియదు. నేనే కోసుకున్నాను. నలుపు రోజుకు రెండు వేళ్ళ మందాన పైకి వస్తోంది. నూకాలు పొద్దున్నే వచ్చి, పెద్దగా మాట్లాడకుండా, పాత గీత తుడిచి కొత్త గీత గీస్తుంది. దాని చెయ్యి తేలిక. కాలును ఒళ్ళో పెట్టుకుని గీస్తుంది.

పడవ రాని 476వ రోజు

పాపకు ఇరవై ఒకటో రోజు. ఊయలకు రంగుగుడ్డలు కట్టారు. నడవలేనని నన్ను బల్ల మీద మోసుకెళ్ళారు. సూది వేయడం నూకాలుకు వచ్చినా, ఊయల్లో వేసేనాడు గాయాలు చూసే మనిషే వేయాలన్నది మా ఆచారం. ఈసారి నూకాలు సూదిని ఐసులో పెట్టి తెచ్చింది, చల్లగా ఉందో లేదో తన బుగ్గకు ఆనించి మరీ చూసింది.

"ఈపాలి ఆలీసం సెయ్యకు పిన్నీ," అంది.

సూదిమొన కాచాలని చెప్పి మూలనున్న పొయ్యి వైపు తిరిగి కూర్చున్నాను. మందు బూడిదలోకి పిండేశాను. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళు ఒక సీసాలో కొంగున కట్టుకుని వచ్చాను, అవి సూదిలోకి పట్టాను. అరవై ఒక్క ఏళ్ళలో నేను చేసిన దొంగపని ఇదొక్కటే. పాప తొడలో గుచ్చాను. గుక్కపట్టి ఏడ్చింది. అందరూ నవ్వారు. ఇంకా నాలుగు సూదులున్నాయి, అవి నూకాలు పెట్టెలో ఉన్నాయి. పెట్టె తాళంచెవి నూకాలు మెళ్ళో ఉంది.

పడవ రాని 477వ రోజు

నూకాలు ముందు నా కాలు చూసింది. నలుపు గీత దాటి పిక్క మీదికి వచ్చింది. కొత్త గీత గీసింది. తరువాత పాపను ఒళ్ళో వేసుకుని బట్ట విప్పింది.

తొడ మీద సూది గుచ్చిన చోట కందిగింజంత ఎర్రచుక్క. కాస్త ఉబ్బెత్తుగా ఉంది. వేలు పెట్టాను, వెచ్చగా తగిలింది. పాప ముఖం చిట్లించింది. లోపల రంగులేనివి అప్పుడే బయలుదేరి ఉంటాయి. నాకు ఏడుపొచ్చింది, ఆపుకున్నాను.

"పిన్నీ, ఇదేటి?"

"దోమ," అన్నాను.

నూకాలు నా ముఖంలోకి చూసింది. చుక్క వైపు చూసింది. బొగ్గు అందుకుని దాని చుట్టూ సన్నగా గీత గీసింది.

ఆ ఎరుపు గీత దాటదు. రేపటికి తగ్గిపోతుంది, అది నాకు తెలుసు. నా గీత మోకాలు చేరడానికి నాలుగు రోజులు పడుతుంది, అదీ తెలుసు. ఏ రెండేళ్ళకో ఈ పిల్ల నడక నేర్చి గుల్ల మీద కాలు వేస్తుంది. ఆ కాలు వాస్తుంది. నూకాలు మెళ్ళో తాళం ఉంటుంది, ఈసారి ఆలస్యం చేయదు, దోమ అని చెప్పడానికి నేను ఉండను.